ఊరి వానలెక్క, బోర్ల నీటిమట్టం అందరూ కలిసి ఫోన్‌లో రాసుకోవడం ఎలా?

అనంతపురం, కర్నూలు, కడప పల్లెల నుంచి ఈ ప్రశ్న ఆగకుండా వస్తోంది: "మా ఊళ్లో బోర్లు ఎంత లోతుకు దిగాయో మేమే కొలుచుకోవాలనుకుంటున్నాం. నలుగురం కొలిచినవి ఫోన్‌లో ఒకేచోట చేరాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?" యాప్ సంగతి ఒక సాయంత్రంలో తేలిపోతుంది. అసలు కష్టం కొలతలో ఉంది. కొలత తప్పితే ఎంత మంచి యాప్ అయినా తప్పునే భద్రంగా దాస్తుంది. అందుకే ఇక్కడ ముందు కొలత, తర్వాతే ఫోన్.

ఇది కొత్త పని కాదు. 2000 తర్వాతి దశకంలో, రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ప్రాజెక్టు ఒకటి మన మూడు జిల్లాలతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. చదువు తక్కువున్న రైతులు కూడా వానమాపకాలు చూసి, బోర్లు కొలిచి, లెక్కలు ఊరి గోడల మీద రాశారు. అప్పటి కాగితం రిజిస్టరు పనిని ఇప్పుడు ఫోన్ చేస్తుంది, అంతే తేడా.

కావలసినవి

- ఊరికి 3 నుంచి 5 మంది. అందులో ఇద్దరైనా ఏడాది పొడుగునా ఊళ్లో ఉండేవాళ్లు కావాలి. సుగ్గికి, అంటే కోతల కూలికి, వలసపోయే ఇంటివాళ్ల మీదే భారమంతా పెట్టకండి.
- ఒక వానమాపకం: నాలుగంగుళాల పీవీసీ పైపు (బయటి కొలత 110 మి.మీ.) 55 సెం.మీ., ఒక ఎండ్ క్యాప్, ఒక సాకెట్, పైపులో ఇమిడే ప్లాస్టిక్ గరాటు, ఎం-సీల్.
- 250 మి.లీ. కొలజాడీ ఒకటి, మందులషాపులో దొరికే 10 మి.లీ. సిరంజి ఒకటి.
- రెండు పోగుల సన్నని కరెంటు తీగ 150 మీటర్లు, దాన్ని చుట్టడానికి ఒక చక్రం, మామూలు మల్టీమీటరు, స్టీలు బోల్టు ఒకటి, రంగు టేపులు, జేబు టేపు.
- ఆండ్రాయిడ్ ఫోన్లు. ఫారమ్ తయారుచేయడానికి మాత్రం ఒక కంప్యూటరు ఉంటే సుఖం. ఇంటర్నెట్ సెంటర్లో గంట కూర్చున్నా చాలు.
- కోబో టూల్‌బాక్స్‌లో (ఫారమ్ తయారుచేసి, నింపినవన్నీ ఒకచోట చేర్చే వెబ్‌సైటు) ఉచిత ఖాతా, ఆ ఫారమ్ నింపడానికి ఫోన్లలో కోబో కలెక్ట్ యాప్.

కోబోనే ఎందుకంటే, చేలో సిగ్నల్ లేకపోయినా ఫారమ్ నింపుకోవచ్చు. సిగ్నల్ వచ్చినప్పుడు పంపుకోవచ్చు. గూగుల్ ఫారమ్స్ తేలికే గానీ నెట్ లేనిచోట పనికిరాదు. ఓడీకే అనే ఇలాంటిదే మరో యాప్ తెలిసినవాళ్లు ఉంటే అదీ ఇంతే బాగా పనిచేస్తుంది, రెండింటి పుట్టుకా ఒకటే. ఐఫోన్ ఉన్నవాళ్లకు కోబో కలెక్ట్ రాదు. వాళ్లు అదే ఫారమ్‌ను బ్రౌజరు లింకుతో నింపాలి.

1. వానమాపకం తయారుచేసి నిలబెట్టండి

పైపును 15 సెం.మీ., 40 సెం.మీ. ముక్కలుగా కోయండి. పెద్దముక్క అడుగున ఎండ్ క్యాప్ అతికించండి. చిన్నముక్క లోపల, పై అంచుకు 10 సెం.మీ. కిందుగా గరాటు పెట్టి, చుట్టూ ఎం-సీల్‌తో మూయండి. గరాటు అంచు మీద పడ్డ వాన పక్కనుంచి జారిపోకూడదు. రెండు ముక్కల్నీ సాకెట్‌తో కలపండి. పెద్దముక్క వైపు సొల్యూషన్ పూయకండి, రోజూ విప్పి నీళ్లు వంచాల్సింది అక్కడే.

ఇప్పుడు పైపు నోటి లోపలి వ్యాసం కొలవండి. పైపు మందాన్ని బట్టి ఇది మారుతుంది. బయటి 110ని లెక్కలో వేసుకోవడం అందరూ చేసే తప్పు. లోపల 10.4 సెం.మీ. ఉందనుకుందాం. వైశాల్యం 84.9 చదరపు సెం.మీ. అవుతుంది. వాన మి.మీ.లో కావాలంటే, జాడీలో వచ్చిన మి.లీ.ని 10తో గుణించి వైశాల్యంతో భాగించాలి. 170 మి.లీ. వస్తే 20 మి.మీ. వాన అన్నమాట. చిన్న చినుకులకు జాడీ పనికిరాదు, సిరంజితో కొలవండి.

అంచు నేలకు కనీసం 30 సెం.మీ. ఎత్తున, నాలుగువైపులా సమంగా ఉండాలి. తక్కువైతే నేల మీద చిట్లిన చినుకులు లోపల పడతాయి. చెట్టు గానీ గోడ గానీ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంలో పెట్టండి. మేకలు తోసేయకుండా కంప వేస్తారు కదా, ఆ కంపకూ ఇదే లెక్క. మిద్దె మీద పెట్టకండి, గాలికి వాన పక్కకు కొట్టుకుపోతుంది.

రోజూ పొద్దున 8:30కి చూడండి. వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళకే. 12వ తేదీ పొద్దున కొలిచిన వాన 12వ తేదీ కిందే రాయాలి, అది 11 సాయంత్రం కురిసినా సరే. ఒకరు నిన్నటి తేదీ, ఇంకొకరు ఇవాళ్టి తేదీ వేస్తే ఒకే వాన రెండుసార్లు కనబడుతుంది. వాన లేనిరోజు 0 రాయడం మరవకండి. ఖాళీ అంటే "చూడలేదు" అని, 0 అంటే "చూశాం, పడలేదు" అని. ఏడాదికి 550 మి.మీ. చుట్టూ మాత్రమే పడే అనంతపురం సీమలో ఈ సున్నాలే ఎక్కువ. వరుసగా ఎన్ని సున్నాలొచ్చాయో తెలిస్తేనే చెనిక్కాయ (వేరుశనగ) ఊడలు దిగే వేళకు ఎన్నాళ్లు ఎండిందో చెప్పగలం. "పదును వాన పడింది" అని చేలో చెప్పుకోవడానికి బాగుంటుంది, ఫారమ్‌లో మాత్రం అంకె కావాలి.

2. బోరు కొలిచే తీగ తయారుచేయండి

తీగ చివర రెండు పోగులనూ 1 సెం.మీ. గీకి, ఒకదానికొకటి తగలకుండా విడదీయండి. వాటి చుట్టూ 5 సెం.మీ. పొడవు సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడగండి. అడుగు తెరిచే ఉండాలి, పైన గాలి పోవడానికి చిన్న కన్నం ఉండాలి. గొట్టం ఎందుకంటే, మన గట్టిరాతి బోర్లలో పైచీలికల నుంచి ఊట గోడల వెంబడి కారుతూ ఉంటుంది. ఒట్టి తీగకు ఆ తడి తగిలి నీళ్లొచ్చాయని చెబుతుంది. బరువుకు స్టీలు బోల్టు కట్టండి. సీసం వద్దు, అవి తాగే నీళ్లు. మొత్తం మందం 15 మి.మీ. దాటకూడదు.

తీగ ఇవతలి కొసలను మల్టీమీటరుకు కలిపి, ఓమ్స్‌లో 200 కిలో గానీ 2 మెగా గానీ పెట్టండి. గాలిలో ఉన్నప్పుడు 1 అనో, ఓఎల్ అనో చూపుతుంది. నీళ్లు తగలగానే అంకె దిగుతుంది. అదే ఊరి నీళ్లు బక్కెట్‌లో పోసి ముంచి చూసుకోండి.

పోగుల కొస దగ్గర సున్నా. అక్కడి నుంచి మీటరుకొక టేపు, 5 మీటర్లకు రెండు టేపులు, 10 మీటర్లకు అంకె రాసిన చీటీ. గుర్తులు పెట్టేటప్పుడు తీగ బరువుకు వేలాడేంత బిగువుగా లాగి పట్టుకోండి. రాగితీగ సాగుతుంది. ఆరునెలలకొకసారి స్టీలు టేపుతో 30 మీటర్ల దాకా సరిచూడండి.

3. బోర్లు ఎంచుకోండి

ఊరికి 8 నుంచి 10 చాలు. ఊరి నాలుగు దిక్కులా, వంక దగ్గర ఒకటి, చెరువు కింద ఒకటి, మిట్టచేలో ఒకటి ఉండేలా చూడండి. మోటరు లేని బోర్లు మొదటి ఎంపిక.

హెచ్చరిక: మోటరున్న బోరులోకి తీగ నేరుగా దించకండి. కేబులుకో, తాడుకో చుట్టుకుంటే తీగ పోతుంది. ఒక్కోసారి మోటరు పైకి తీయాల్సి వస్తుంది. ఆ ఖర్చు మీద పడితే ఆ రైతే కాదు, ఊళ్లో ఇంకెవరూ మళ్లీ కొలవనివ్వరు. ప్రత్యామ్నాయం ఉంది. మోటరు రిపేరుకు పైకి తీసినప్పుడు, కాలమ్ పైపు పక్కనే అంగుళం పైపు ఒకటి మోటరుకు కొంచెం పైదాకా దించి కట్టించండి. దాని అడుగు రెండు మీటర్లలో కన్నాలు వేయండి. ఆపైన ఎప్పుడైనా తీగ ఆ పైపులోంచే దించొచ్చు.

మోటరు లేని బోరు కొలిచాక మూత బిగించకుండా కదలొద్దు. పిల్లల ప్రాణం మాట ఇది. మూత లేని బోరు కనబడితే కొలతకన్నా ముందు మూత పెట్టించండి.

ప్రతి బోరుకూ బో-01, బో-02 అని పేరుపెట్టి కేసింగ్ (బోరు నోట్లో దించిన పెద్దపైపు) మీద పెయింటుతో రాయండి. కేసింగ్ అంచున ఉత్తరం వైపు ఒక గుర్తు పెట్టండి, కొలత ఎప్పుడూ అక్కడి నుంచే. కేసింగ్ నేలకు ఎంత ఎత్తుందో ఒక్కసారి కొలిచి రాసిపెట్టుకోండి.

4. బోరు కొలవండి

నెలకు రెండుసార్లు, 1న, 15న. తెల్లవారి, చేలకు కరెంటు రాకముందు వెళ్లండి. రాత్రంతా మోటరు ఆగి ఉంటే నీళ్లు తమ మట్టానికి తిరిగి వచ్చి ఉంటాయి. మోటరు ఆగి కనీసం 6 గంటలు కావాలి, పక్కచేని మోటరు ఆడుతోందా అన్నదీ చూడండి.

హెచ్చరిక: ఆటోస్టార్టర్. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరుగుతుంది. తీగ దించేముందు ఆటో తీసేసి, స్టార్టరు దగ్గర ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసుకోండి. తడిచేతులతో వద్దు, రైతు దగ్గర లేకుండా వద్దు.

తీగ నెమ్మదిగా దించండి. అంకె మారగానే ఆపి, గుర్తు దగ్గర తీగను వేళ్లతో పట్టుకుని అరమీటరు పైకి లాగి మళ్లీ దించండి. ఇలా మూడుసార్లు. మూడూ 2 సెం.మీ. తేడాలో ఉండాలి. అంకె వస్తూ పోతూ ఉంటే అది గోడ తడి, ఇంకా కిందికి దించండి.

వేళ్లతో పట్టుకున్న చోటి నుంచి, లోపలికి దిగిన చివరి మీటరు గుర్తుదాకా జేబు టేపుతో కొలవండి. 41 దాటి 36 సెం.మీ. అయితే 41.36. కేసింగ్ ఎత్తు 0.45 అనుకుంటే, నేల నుంచి నీటిమట్టం 40.91 మీటర్లు, అంటే 134 అడుగులు. ఈ తీసివేత తర్వాత ఎక్సెల్‌లో ఒకేసారి చేసుకోవచ్చు, మీరు చేనులో చేయకండి. కొందరు తీసేసి, కొందరు తీయకుండా రాస్తే ఆ గందరగోళం విడదీయడం ఎవరి వల్లా కాదు.

తాగునీటి బోరుకు వెళ్లేముందు తీగ కొసను బ్లీచింగ్ నీళ్లలో ముంచి కడగండి.

మోటరు పోసే నీళ్లు కూడా రాయాలనుకుంటే, 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 100 సెకన్లు పడితే సెకనుకు 2 లీటర్లు. మోటరు వేసిన 15 నిమిషాల తర్వాతే చూడాలి, మొదట్లో ధార ఎక్కువగా ఉంటుంది. "రెండించుల నీళ్లు" అన్న బోరులారీ లెక్క ఇక్కడ వద్దు, ఒక్కొక్కరి అంచనా ఒక్కోలా ఉంటుంది.

5. ఫారమ్ తయారుచేయండి

రెండు ఫారమ్‌లు కావాలి. మొదటిది బోరు నమోదు, ఒక్కసారే నింపేది: బోరు కోడ్, లోతు, కేసింగ్ ఎత్తు, జీపీఎస్, ఫోటో. జీపీఎస్ తీసేటప్పుడు ఆకాశం కనబడేచోట నిలబడి, ఖచ్చితత్వం 5 మీటర్ల దగ్గరికి వచ్చేదాకా ఆగండి. చింతచెట్టు కింద తీస్తే బోరు పక్కవాళ్ల చేలో పడుతుంది.

రెండోది రోజువారీ ఫారమ్. ప్రశ్నలు తక్కువ పెట్టండి, రెండు నిమిషాలు దాటితే నెలలోపే మానేస్తారు.

- కొలిచింది ఎవరు: జాబితాలోంచి ఎంచుకునేది. టైపు చేయనిస్తే ఒకే మనిషి నాలుగు పేర్లతో వస్తాడు.
- ఏ తేదీ.
- దేని కొలత: వాన, నీటిమట్టం, ధార. ఏది ఎంచుకుంటే ఆ ప్రశ్నలే కనబడేలా స్కిప్ లాజిక్ పెట్టండి.
- వాన: మి.లీ. (దశాంశం). పక్కనే కాలిక్యులేట్ ప్రశ్నతో మి.మీ.గా మార్చండి. ఆ సూత్రంలో భాగహారానికి ఏటవాలు గీత పనిచేయదు, "డివ్" అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. చాలామంది గంటలకొద్దీ ఇక్కడే ఆగిపోతారు.
- నీటిమట్టం: బోరు కోడ్, మీటర్లలో కొలత, మోటరు ఆగి ఎన్ని గంటలైంది (2లోపు, 2 నుంచి 6, 6 పైన).
- బోరులో నీళ్లే అందకపోతే "తీగ అందలేదు / ఎండింది" అని విడిగా ఒక ఎంపిక. అప్పుడు 0 రాయనివ్వకండి. 0 అంటే నీళ్లు నేలమట్టానికి ఉన్నట్టు.
- దగ్గరి చెరువులో గానీ కుంటలో గానీ నీళ్లున్నాయా. హంద్రీ-నీవా కాలువ నీళ్లు చెరువుకు మళ్లిస్తే వాన లేకుండానే బోర్లు పైకొస్తాయి. ఈ ప్రశ్న లేకపోతే ఆ పెరుగుదలను కొలత తప్పని కొట్టేస్తారు.

ప్రశ్నలు తెలుగులోనే రాయండి. కానీ ప్రతి ప్రశ్న సెట్టింగుల్లో డేటా కాలమ్ పేరు అని ఉంటుంది, అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నపేరు మీరే పెట్టండి. వదిలేస్తే తర్వాత ఎక్సెల్‌లో ఏ వరుస దేనిదో తెలియదు. వాలిడేషన్‌లో నీటిమట్టానికి 0 కన్నా ఎక్కువ, మీ తీగ పొడవు 150కి మించకూడదు అని పెట్టండి. ఎవరైనా అడుగుల్లో 180 అని కొడితే అక్కడే ఆగుతుంది.

డిప్లాయ్ నొక్కండి, ఫారమ్ వాడకానికి సిద్ధమవుతుంది. తర్వాత ఏం మార్చినా మళ్లీ డిప్లాయ్ చేయాలి, అందరి ఫోన్లలో ఫారమ్ మళ్లీ దించుకోవాలి. మొదలయ్యాక జాబితాలోంచి ఏ ఎంపికనూ తీసేయకండి, కొత్తవి చేర్చండి.

6. ఫోన్లు సిద్ధం చేయండి

మీ పాస్‌వర్డ్ నలుగురికీ పంచకండి. ఒక్కొక్కరికీ ఉచిత ఖాతా తెరిపించి, ప్రాజెక్టులో డేటా చేర్చే అనుమతి మాత్రం ఇవ్వండి. కోబో కలెక్ట్‌లో ఇవ్వాల్సిన సర్వర్ అడ్రసు ప్రాజెక్టు పేజీలో ఆండ్రాయిడ్ అప్లికేషన్ అని ఉన్నచోట కనబడుతుంది, అక్షరం తేడా లేకుండా అక్కడి నుంచే కాపీ చేయండి.

సెట్టింగుల్లో ఆటోసెండ్ పెట్టండి, ఫోటో సైజు తగ్గించండి. ఫోన్ తేదీ, టైము ఆటోమేటిక్‌లో ఉండాలి.

పంపని ఫారమ్‌లు ఆ ఫోన్‌లోనే ఉంటాయి. యాప్ తీసేసినా, డేటా క్లియర్ చేసినా, ఫోన్ మార్చినా అవి పోయినట్టే. ఫోన్ నిండిందని పిల్లలు యాప్‌లు తీసేస్తుంటారు, ఇంట్లో ఒకమాట చెప్పి ఉంచండి. ఆదివారం సాయంత్రం పంపాల్సినవి సున్నా ఉన్నాయో లేదో చూసుకోండి.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు రిజిస్టరులో రాయొచ్చు. వారానికోసారి ఒకరు వాటిని ఫారమ్‌లో ఎక్కిస్తే సరిపోతుంది. నిజానికి ఫోన్ ఉన్నవాళ్లు కూడా తేదీ, అంకె ఒక నోటుబుక్కులో రాసుకోవడం మంచిది.

7. సరిచూడండి

వారానికి పావుగంట పెడితే చాలు. డేటాను ఎక్సెల్‌గా దించుకుని ఇవి చూడండి.

వానకు నెలలో ఎన్ని రోజులుంటే అన్ని నమోదులు ఉన్నాయా? తక్కువైతే సున్నాలు రాయలేదు. నీటిమట్టాల చివరి అంకెలన్నీ 0, 5 దగ్గరే ఆగుతున్నాయా? అయితే ఎవరో కొలవకుండా అంచనాగా రాస్తున్నారు. వాళ్లను నలుగురిలో నిలదీయకండి. పక్కన కూర్చుని మరోసారి కొలిచి చూపించండి, చాలాసార్లు తీగ చదవడం రాకే అలా రాస్తారు. ఒక బోరు పదిహేనురోజుల్లో 3 మీటర్ల పైగా కదిలితే మళ్లీ వెళ్లి కొలవండి. ఒక అంకె ముందువాటికి 3.28 రెట్లు ఉంటే అడుగులు పడ్డాయి.

నెలకొకసారి ఒక బోరును ఇద్దరు వేరువేరుగా, అదే పొద్దున కొలవాలి. 5 సెం.మీ. లోపు తేడా అయితే మంచిదే. అంతకు మించితే గుర్తు దగ్గర కాకుండా కేసింగ్ ఇంకో అంచున కొలిచారేమో ముందు చూడండి.

బయటివాటితోనూ పోల్చుకోండి. రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థ, ఏపీడబ్ల్యూఆర్‌ఐఎంఎస్ పోర్టల్లో ప్రభుత్వ పీజోమీటర్ల (నీటిమట్టం చూడడానికే వేసిన బోర్లు) మట్టాలు ఉంటాయి. అంకె కలవాలని చూడకండి. గట్టిరాతిలో పక్కపక్క బోర్లే వేరు చీలికల మీద ఉండి పదుల అడుగుల తేడా చూపుతాయి. కలవాల్సింది నడక: వేసవిలో రెండూ దిగుతున్నాయా, వానల తర్వాత రెండూ ఎక్కుతున్నాయా. వాన కూడా అంతే, మండల కేంద్రంలో 40 మి.మీ. పడి మీ ఊళ్లో ఏమీ పడకపోవచ్చు. రోజు లెక్క కాదు, నెల మొత్తాలు చూడండి.

గ్రాఫు గీసేటప్పుడు నీటిమట్టం అక్షాన్ని తలకిందులు చేయండి. ఎక్సెల్‌లో అక్షం మీద కుడి క్లిక్ చేసి విలువలను రివర్స్ క్రమంలో పెట్టే గడి నొక్కాలి. లేదంటే నీళ్లు దిగేకొద్దీ గీత పైకి పోతుంది, చూసినవాళ్లు బోర్లు నిండాయనుకుంటారు.

8. ఊరికి చూపించండి

ముందుగా ఒక జాగ్రత్త. ఎవరి బోరులో ఎన్ని నీళ్లున్నాయన్నది కౌలు ధరతో, అప్పుతో, పక్కచేని తగాదాతో ముడిపడిన సంగతి. కొలిచే ముందే రైతును అడిగి ఒప్పించుకోండి, వద్దంటే వదిలేయండి. కోబోలో ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగు ఆపి ఉంచండి. బయట పెట్టేవాటిలో కోడ్ ఉండాలి గానీ పేరు, జీపీఎస్ ఉండకూడదు.

తర్వాత రచ్చకట్ట దగ్గరో, రైతు సేవా కేంద్రం గోడ మీదో నల్లబోర్డు పెట్టండి. నెల మొత్తం వాన మి.మీ.లో, ఒక్కో దిక్కుకు నీటిమట్టం అడుగుల్లో, పక్కనే కిందటి నెలది, కిందటేడు ఇదే నెలది. మొదటి ఏడాది ఆ చివరి గడి ఖాళీగానే ఉంటుంది, ఉండనివ్వండి. మే చివర్లో మట్టం బాగా దిగిపోయి, నవంబరులో పైకొచ్చి ఉంటుంది కాబట్టి ఈ రెండు నెలల అంకెల్ని చెరపకుండా పెయింటుతో రాయించండి. వానలు తగ్గాక రబీలో ఎంత వరి పెట్టాలి, చీనీతోటకు వేసవి నీళ్లు మిగులుతాయా అని మాట్లాడుకునే సభను ఆ నవంబరు అంకె రాసిన వారంలోనే బోర్డు ముందరే పెట్టుకోండి.

బోర్డు మీద ప్రతి అంకె పక్కన కొలిచిన తేదీ ఉండాలి. కొలవని నెలకు పాత అంకెనే ఉంచేయకుండా "కొలవలేదు" అని రాయండి.